స్వీడన్‌లోని తెలుగు సంఘాల పెద్దలకు: ఉత్తరాన ఉన్న మనవాళ్ళ మాట ఒకటి వినండి

స్టాక్‌హోమ్, గోథెన్‌బర్గ్, మాల్మో, ఇంకా దక్షిణ స్వీడన్ ఊళ్ళలో తెలుగు సంఘాలు నడుపుతున్న పెద్దలందరికీ నమస్కారం.

నేను ఉత్తర స్వీడన్‌లోని షెలెఫ్తియోలో ఉంటాను. మున్సిపాలిటీ నడిపే వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నా ఉద్యోగం. మా ఆయన ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేస్తారు. మా ఊళ్ళోని నార్త్‌వోల్ట్ బ్యాటరీ కర్మాగారం మూతపడినప్పుడు మా ఇంటి జీతాలు ఆగలేదు. మా చుట్టూ ఉన్న ఇళ్ళలో ఆగాయి. ఆ ఇళ్ళవాళ్ళకు ఉత్తరాలు రాసే తీరిక లేదు, కొందరైతే ఇప్పుడు ఈ దేశంలోనే లేరు. అందుకని వాళ్ళ తరఫున నేను రాస్తున్నాను.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఉత్తర స్వీడన్‌లోని చిన్న ఊళ్ళకు వచ్చే తెలుగు కుటుంబాలకు చట్టం తెలిసినవాళ్ళ సలహా, కష్టకాలంలో చేయూత అందే ఏర్పాటు ఒకటి మీరందరూ కలిసి చేయాలి. పండగ జరపడానికి మీకున్న ఓపికలో, డబ్బులో, పరిచయాల్లో కొంత దీనికి పెట్టాలి. ఎందుకు అడుగుతున్నానో వివరంగా రాస్తాను, దయచేసి చివరిదాకా చదవండి.

మీలో చాలామంది మా ఊరి పేరు వార్తల్లోనే విని ఉంటారు. స్టాక్‌హోమ్ నుంచి రోడ్డున దాదాపు 800 కిలోమీటర్లు. దక్షిణాన ఉమియో, ఉత్తరాన లూలియో, అటూ ఇటూ సుమారు 130 కిలోమీటర్ల దూరంలో. ప్రయాణికుల రైలు ఊళ్ళోకి ఇంకా రాలేదు. నోర్‌బోత్నియా రైలు మార్గం కడుతున్నారు. అది వచ్చేదాకా రైలెక్కాలంటే యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న బాస్తుత్రెస్క్ స్టేషనుకు పోవాలి. ఊళ్ళో ఉండేది ముప్ఫై ఆరు వేలమంది, చుట్టుపక్కల పల్లెలన్నీ కలిపిన మున్సిపాలిటీ జనాభా 75 వేలు దాటుతుంది. గనులు, రాగి కరిగించే రోన్‌షేర్ కర్మాగారం, నదుల మీద జలవిద్యుత్తు, ఐస్ హాకీ. ఈ ఊరి బతుకంతా ఇన్నాళ్ళూ వీటి చుట్టూనే తిరిగింది. 2024లో మా హాకీ జట్టు స్వీడన్ ఛాంపియన్ అయిన రాత్రి, మా కేంద్రంలో తొంభై ఏళ్ళ అవ్వలు కూడా మెడకు నలుపూ పసుపూ మఫ్లర్లు చుట్టుకుని టీవీ ముందు కూర్చున్నారు.

దశాబ్దాలుగా ఈ ఊరి పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ దక్షిణానికి వెళ్ళిపోతూ వచ్చారు. మా కేంద్రంలో ఎవరి గదిలోకి వెళ్ళినా గోడ మీద మనవల ఫొటోలుంటాయి, ఆ మనవలు స్టాక్‌హోమ్‌లోనో ఉప్సలాలోనో ఉంటారు. అలాంటి ఊరికి ఒక్కసారిగా బయటి దేశాల జనం రావడం మొదలైంది. 2021 డిసెంబరులో నార్త్‌వోల్ట్ కర్మాగారంలో మొదటి బ్యాటరీ సెల్ తయారైంది. అదే ఏడాది ఊరి నడిబొడ్డున ఇరవై అంతస్తుల చెక్క భవనం, సారా కల్చర్‌హుస్, తలుపులు తెరిచింది. 2030 నాటికి 90 వేల జనాభా అని మున్సిపాలిటీ లక్ష్యం పెట్టుకుంది. కర్మాగారంలో వందకు పైగా దేశాలవాళ్ళు పనిచేసేవారు. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. యంత్రాల నిర్వహణ చేసే ఇంజనీర్లు, నాణ్యత చూసేవాళ్ళు, ఉమియో, లూలియో విశ్వవిద్యాలయాల్లో చదువు ముగించి ఇటు వచ్చిన పిల్లలు. గుంటూరు, వరంగల్, కాకినాడ, నిజామాబాద్ మాటలు మా సూపర్‌మార్కెట్‌లో పెరుగు డబ్బాల దగ్గర వినిపించేవి. అప్పుడు నా సంతోషం ఇంతా అంతా కాదు.

తర్వాత జరిగింది మీకు తెలుసు. 2024 జూన్‌లో బీఎండబ్ల్యూ 200 కోట్ల యూరోల ఆర్డరు రద్దు చేసుకుంది. సెప్టెంబరులో స్వీడన్‌లో 1,600 ఉద్యోగాలు తీసేస్తామని కంపెనీ ప్రకటించింది, అందులో వెయ్యి మా ఊరివే. నవంబరులో అమెరికా కోర్టులో దివాలా రక్షణ కోరింది. 2025 మార్చి 12న స్వీడన్‌లో దివాలా తీసింది. ఆగస్టులో లైటెన్ అనే అమెరికా కంపెనీ ఆస్తులు కొంటామని ప్రకటించింది. ఆ కబురు ఊరికి ఊపిరి పోసింది, కాదనను. కానీ మార్చిలో ఉద్యోగం పోయిన మనిషికి ఆగస్టు కబురు ఎందుకు పనికొస్తుంది? అప్పటికే గడువు నెత్తి మీదికి వచ్చేసింది.

ఆ గడువు గురించే నేను ఎక్కువ రాయాలి. స్వీడన్‌లో పదేళ్ళుగా ఉంటున్న మీకు ఇది పాత సంగతే కావచ్చు. పౌరసత్వం వచ్చాక మనసులోంచి జారిపోయి కూడా ఉండొచ్చు. 2025 నాటి నిబంధన ప్రకారం వర్క్ పర్మిట్ మొదటి రెండేళ్ళు ఒకే యజమానికి, ఒకే వృత్తికి ముడిపడి ఉండేది. ఉద్యోగం పోతే, అది అధికారికంగా ముగిసిన రోజు నుంచి మూడు నెలల్లో కొత్త యజమానిని వెతుక్కుని, కొత్త పర్మిట్‌కు దరఖాస్తు పెట్టాలి. లేకపోతే వలస శాఖ పర్మిట్ రద్దు చేయొచ్చు. భార్యాపిల్లల అనుమతి కూడా ఆ ఒక్క పర్మిట్‌కే కట్టి ఉంటుంది. దానికి తోడు 2023 నవంబరు 1న వచ్చిన నిబంధన వల్ల, 2025లో దేశపు మధ్యస్థ జీతంలో కనీసం 80 శాతం ఇచ్చే ఉద్యోగమైతేనే పర్మిట్ వచ్చేది. స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం పోతే మెట్రో ఎక్కి ఇంకో పది ఆఫీసుల తలుపు తట్టొచ్చు. మా ఊళ్ళో వేలమంది ఒకేసారి రోడ్డున పడ్డారు, అందరికీ ఆ మూడు నెలలే. ఉన్న కొద్దిపాటి ఉద్యోగాలకు స్వీడిష్ మాట్లాడేవాళ్ళు, ఐరోపా పౌరులు కూడా పోటీలో ఉన్నారు. వాళ్ళకు ఈ గడువు లేదు.

మా మెట్ల దారిలోనే ఒక కుటుంబం ఉండేది. అతను నార్త్‌వోల్ట్‌లోనే పని చేసేవాడు. ఆ అమ్మాయి నన్ను అక్కా అని పిలిచేది. ఒకరోజు రాత్రి పనినుంచి వచ్చి వాళ్ళింటికి వెళ్తే, వంటింటి బల్ల నిండా కాగితాలు. ఉద్యోగ ఒప్పందం, దివాలా పరిష్కర్త దగ్గరనుంచి వచ్చిన ఉత్తరం, అద్దె ఇంటి నోటీసు నిబంధనలు, పాప ప్రీస్కూల్ ఫీజు బిల్లు. అన్నీ స్వీడిష్‌లోనే. ఫోన్‌లో అనువాదం పెట్టుకుని ఒక్కో పేరా చదువుతున్నారు. ఇల్లు ఖాళీ చేయాలంటే మూడు నెలల ముందు చెప్పాలి. చెప్పేస్తే, ఉద్యోగం దొరికినా తలదాచుకోను ఇల్లుండదు. చెప్పకపోతే, వెళ్ళిపోయాక కూడా అద్దె కట్టాలి. ఆ ఒక్క ప్రశ్న మీద భార్యాభర్తలిద్దరూ వారం రోజులు నిద్రపోలేదు. పాప మాత్రం ప్రీస్కూల్లో నేర్చుకున్న పాట స్వీడిష్‌లో పాడుకుంటూ బల్ల కింద బొమ్మలతో ఆడుకుంటోంది.

ఆ కాగితాల్లో లేనిదేమిటో తెలుసా? నిరుద్యోగ భృతి నిధి సభ్యత్వం. ఇక్కడ దాన్ని ఆ-కస్సా అంటారు. అందులో ఎవరూ మనల్ని చేర్చరు, మనంతట మనం చేరాలి, నెలనెలా కొద్ది మొత్తం కట్టాలి. చేతికి ఎంత భృతి వస్తుందన్నదాంట్లో ఎన్ని నెలలుగా సభ్యులమన్నది లెక్కకొస్తుంది. ఉద్యోగం పోయాక చేరితే ఆ జీతానికి దాన్నుంచి రక్షణ రాదు. పుట్టిందగ్గర్నుంచీ ఈ దేశంలో ఉన్నవాళ్ళకు ఇది మొదటి జీతంతోపాటే తెలిసే విషయం. మనవాడికి ఎవరు చెప్పాలి? హైదరాబాద్‌లో అతన్ని ఎంపిక చేసిన కన్సల్టెన్సీ చెప్పలేదు. ఇక్కడ కంపెనీ మొదటిరోజు ఇచ్చిన చీటీల కట్టలో ఒక మూల ఉందట, అతను పది రోజుల శిక్షణ హడావుడిలో చూడలేదు. యూనియన్ అనగానే మనవాళ్ళకు సమ్మెలు, గొడవలు గుర్తొస్తాయి, యజమాని తప్పుగా అనుకుంటాడని వెనకాడతారు. స్వీడన్‌లో మేనేజర్లు కూడా యూనియన్ సభ్యులేనని, ఇంజనీర్లకు విడిగా యూనియన్ ఉందని, అది ఉద్యోగ ఒప్పందం చదివి సలహా చెబుతుందని ఒక్కరు తెలుగులో చెప్పి ఉంటే చాలు.

దివాలా తీసిన సంస్థ ఉద్యోగులకు ప్రభుత్వమే వేతన హామీ కింద జీతం చెల్లిస్తుందని కూడా వాళ్ళకు తెలియదు. 2025లో దాని గరిష్ఠ పరిమితి మనిషికి 2,35,200 క్రోనార్లు. నోటీసు కాలానికి అది అందాలంటే ఉపాధి కార్యాలయంలో ఉద్యోగార్థిగా పేరు నమోదు చేసుకోవాలి. మా కింది అంతస్తులో ఉండే స్వీడిష్ ముసలాయన, రోన్‌షేర్‌లో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి, తనే వచ్చి ఈ సంగతి చెప్పి, దగ్గరుండి ఫారం నింపించాడు. ఆయన రుణం ఆ కుటుంబం మరిచిపోలేదు. మన భాషలో మన సంఘం చెప్పాల్సిన మాట అది.

మూడు నెలలు చాలలేదు. వాళ్ళు వెళ్ళిపోయారు. పాప మంచు దుస్తులు, స్లెడ్జి, చలికాలం బూట్లు మా ఇంట్లో పెట్టి వెళ్ళారు, వచ్చే పిల్లలెవరికైనా ఇవ్వమని.

ఊరు వీళ్ళను గాలికి వదిలేసిందని నేను అనను, అంటే అన్యాయం. మున్సిపాలిటీ సమాచార సభలు పెట్టింది. కొన్ని చర్చిలు కాఫీ పెట్టి కూర్చోబెట్టి మాట్లాడాయి. యూనియన్లు తమ సభ్యుల కోసం గట్టిగా నిలబడ్డాయి. మా కేంద్రంలో ఒక పెద్దావిడ నా చేయి పట్టుకుని, మీ వాళ్ళలో ఎందరు వెళ్ళిపోతున్నారు అని రోజూ అడిగేది. ఆవిడ కొడుకులిద్దరూ యవ్వనంలోనే ఊరు విడిచారు. ఎవరైనా వెళ్ళిపోతున్నారంటే ఆవిడ ముఖం ఎలా మారుతుందో నేను చూశాను. ఇక్కడి జనం తక్కువ మాట్లాడతారు. అవును అనడానికి కూడా నోరు తెరవకుండా గాలి లోపలికి పీల్చి చిన్న శబ్దం చేసి ఊరుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు అది విని, మన మాట నచ్చలేదేమో అనుకుని బెంబేలెత్తుతారు. ఆ మౌనం వెనక ఎంత ఆదరం ఉందో తెలియడానికి కొన్నేళ్ళు పడుతుంది. ఆ కొన్నేళ్ళూ మనిషి ఇక్కడ నిలవాలిగా.

ఆ రోజుల్లో కనపడనిది మన సంఘాలే. ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. మీరు చేసే పని నాకు తెలుసు. ఉగాదికి హాలు బుక్ చేయడం దగ్గర్నుంచి బతుకమ్మకు పూలు తెప్పించడం దాకా, ఆదివారాలు పిల్లలకు ఓనమాలు దిద్దించడం దాకా అన్నీ ఉద్యోగాలు చేసుకుంటూ మీ సొంత సమయంలో చేస్తున్నారు. మీ పిల్లలు చక్కగా తెలుగు మాట్లాడుతున్నారంటే ఆ పుణ్యం మీదే. 2025 ఉగాది మార్చి 30న వచ్చింది, దివాలా జరిగిన మూడో వారంలో. ఆ వారమంతా మీ వేడుకల ఫొటోలు మా ఫోన్లలోకి వచ్చాయి. మీరు సంతోషంగా ఉండటం మాకు సంతోషమే. కానీ ఉత్తరాన ఇంతమంది తెలుగువాళ్ళు ఇలాంటి స్థితిలో ఉన్నారు, మీలో లాయర్లున్నారు, మానవ వనరుల మేనేజర్లున్నారు, ఉద్యోగాలిచ్చే కంపెనీల్లో నిర్ణయాలు తీసుకునే స్థాయిలో ఉన్నవాళ్ళున్నారు, మీరు ఒక్క ఫోన్ కాల్ చేయగలవాళ్ళు అని మాకు అనిపించింది. ఆ కాల్ రాలేదు. పరిచయం ఉన్న ఒకరిద్దరు సొంతంగా సాయం చేశారు, వాళ్ళకు దండం. సంఘంగా ఎవరూ పలకరించలేదు.

దూరం కారణమని మీరు అంటే ఒప్పుకుంటాను. 800 కిలోమీటర్లు తక్కువేం కాదు. అయితే నేను అడుగుతున్న వాటిలో ముప్పావు వంతు పనులకు ఎవరూ ఇక్కడికి రానక్కర్లేదు.

ఇంకో సంగతి ఉంది, అది ఉద్యోగాల కన్నా తక్కువ వినపడుతుంది. భర్తతో వచ్చిన ఆడవాళ్ళ సంగతి. డిసెంబరు మూడో వారంలో మా ఊళ్ళో సూర్యుడు తొమ్మిదిన్నర దాటాక వస్తాడు, మధ్యాహ్నం ఒకటిన్నరకల్లా వెళ్ళిపోతాడు. పగలు నాలుగు గంటలు కూడా ఉండదు. భర్త షిఫ్టు డ్యూటీకి వెళ్తే, కొత్తగా పెళ్ళై వచ్చిన అమ్మాయి చీకట్లో లేచి, చీకట్లో వంట చేసుకుని, చీకట్లో కూర్చుంటుంది. మైనస్ ఇరవైలో బయటికి వెళ్ళాలంటే ఏ బూటు కొనాలో, మంచు మీద జారకుండా బూటుకు తగిలించుకునే మేకుల పట్టీ ఏ దుకాణంలో దొరుకుతుందో చెప్పేవాళ్ళుండరు. బస్సు ఉంది గానీ, కారు లేనిదే ఈ ఊళ్ళో సగం పనులు జరగవు. మన లైసెన్సు ఇక్కడ నివాసం నమోదైన ఏడాదివరకే చెల్లుతుంది. దాన్ని స్వీడిష్ లైసెన్సుగా మార్చుకోవడం కుదరదు, మళ్ళీ మొదట్నుంచి రాత పరీక్ష, మంచు రోడ్డు శిక్షణ, డ్రైవింగ్ పరీక్ష. ఆ ఏడాదిలోపే మొదలుపెట్టమని ముందుగా చెబితే ఎంత మేలు!

చదువుకున్న అమ్మాయిలు వీళ్ళు. బీటెక్కులు, ఎమ్మెస్సీలు, నర్సింగులు. సాధారణంగా భాగస్వామి పర్మిట్‌తో పని చేసే హక్కు వాళ్ళకు ఉంటుంది. స్వీడిష్ నేర్పే ఎస్ఎఫ్ఐ తరగతులు ఉచితం, పన్ను శాఖ ఇచ్చే పర్సన్ నంబరు, అంటే ఇక్కడి గుర్తింపు సంఖ్య, రాగానే చేరొచ్చు. మా రంగంలో, అంటే వృద్ధుల సంరక్షణలో, ఉత్తరాది ఊళ్ళన్నిటా మనుషులు కావాలి. భాష వచ్చినవాళ్ళకు పని దొరుకుతుంది. నేను అలాగే చేరాను. ఇంట్లో రెండో జీతం ఉన్న కుటుంబానికీ లేని కుటుంబానికీ మార్చి 12 తర్వాత ఎంత తేడా ఉందో కళ్ళారా చూశాను. ఇక్కడికి వచ్చిన మొదటి నెలలోనే ఆ అమ్మాయిని భాషా తరగతిలో కూర్చోబెట్టడం ఆ కుటుంబానికి చేయగలిగిన అతి పెద్ద సాయం అని నా నమ్మకం. భర్తలు కొందరు, పర్మిట్ రెండేళ్ళే కదా, ఈ భాష నేర్చుకుని ఏం లాభం, ఇంగ్లిష్ సరిపోతుంది అంటారు. ఆఫీసులో సరిపోతుందేమో. డాక్టరు దగ్గర, బడిలో, పక్కింట్లో, అన్నిటికన్నా ఉద్యోగం పోయిన రోజు, సరిపోదు.

పిండి పులియక ఏడ్చిన అమ్మాయి ఒకత్తె నాకు తెలుసు. ఓవెన్‌లో లైటు మాత్రం వేసి, గిన్నె లోపల పెట్టి రాత్రంతా ఉంచితే పులుస్తుందని చెప్పాను. పొద్దున్నే ఫోన్ చేసి, అక్కా పొంగింది అని చెప్పినప్పుడు ఆ గొంతులో ఉన్న సంబరం ఇడ్లీ గురించి మాత్రమే కాదని ఆడవాళ్ళందరికీ అర్థమవుతుంది. ఆ అమ్మాయికి కావలసింది పలకరించే ఒక మనిషి. చలికాలంలో దిగులు ముదిరి జబ్బుగా మారినప్పుడు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలని, అది సిగ్గుపడే విషయం కాదని, అక్కడ అనువాదకుణ్ణి అడిగే వీలుందని చెప్పే మనిషి.

ఇక నేను అడిగేవి. మొదటిది, ఒక ఫోన్ నంబరు. అన్ని సంఘాలూ కలిసి పెట్టండి. పర్మిట్ చట్టం తెలిసినవాళ్ళు, యూనియన్లలో పనిచేసే తెలుగువాళ్ళు, స్వీడిష్ కాగితం చదివి తెలుగులో చెప్పగలవాళ్ళు వంతులవారీగా వారానికి రెండు సాయంత్రాలు కూర్చుంటే చాలు. ఉత్తరాది ఊళ్ళలో ఎవరి చేతికి ఉద్యోగం పోయిందన్న కాగితం వచ్చినా, మొదటి వారంలోనే ఆ నంబరుకు ఫోన్ చేయాలన్నది అందరికీ తెలియాలి. మూడు నెలల్లో మొదటి వారం పోతే ఎంత పోయినట్టో నేను చూశాను.

దానితోపాటే ఒక చిన్న పుస్తకం తెలుగులో రావాలి. విమానం ఎక్కకముందే చదవాల్సింది. ఆ-కస్సా, యూనియన్, పర్సన్ నంబరు, బ్యాంక్ ఐడీ, ఎస్ఎఫ్ఐ, లైసెన్సు, అద్దె ఒప్పందం, ప్రసవ సెలవులు, చలి. యజమాని బీమా కట్టాడా, ఒప్పందంలో రాసిన జీతమే నెలనెలా పడుతోందా అని ఎలా చూసుకోవాలో కూడా అందులో ఉండాలి. ఎందుకంటే కొన్నేళ్ళ కిందట యజమాని చేసిన చిన్న చిన్న పొరపాట్లకే ఉద్యోగుల పర్మిట్లు పొడిగించక వెనక్కి పంపిన కేసులు ఈ దేశంలో పెద్ద చర్చ అయ్యాయి. 2017 డిసెంబరులో వలస వ్యవహారాల అప్పీలు కోర్టు, మొత్తం పరిస్థితి చూసి నిర్ణయించాలని చెప్పాకే కొంత ఊరట వచ్చింది. ఆ పుస్తకం రాయడానికి నేను కూర్చుంటాను. చట్టం భాగం మీలో తెలిసినవాళ్ళు సరిచూడాలి, ఏటేటా మారుతున్నవి మార్చాలి. మన దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలకూ, ఇక్కడికి మనుషుల్ని పంపే కన్సల్టెన్సీలకూ మీ సంఘం పేరుతో ఉత్తరం రాసి, ఈ పుస్తకం ఇవ్వనిదే ఎవరినీ పంపొద్దని అడగాలి. నేను అడిగితే ఎవరూ వినరు. సంఘం అడిగితే కొందరైనా వింటారు.

డబ్బు సంగతి కూడా మొహమాటం లేకుండా రాస్తాను. ఆపద నిధి ఒకటి కావాలి. దానంగా వద్దు, తిరిగి కట్టే అప్పుగా ఇవ్వండి. మన కుటుంబాలకు దానం తీసుకోవడం చావుతో సమానం, అప్పయితే తలెత్తుకుని తీసుకుంటారు, తీరుస్తారు. అద్దె రెండు నెలలు గడవడానికి, ఇంటర్వ్యూకు స్టాక్‌హోమ్ విమానం టికెట్టుకు, తప్పదంటే కుటుంబం ఇంటికి వెళ్ళే టికెట్లకు. అలా వచ్చిన పిల్లాణ్ణి ఇంటర్వ్యూ రోజున మీ ఇంట్లో ఒక రాత్రి పడుకోనివ్వండి. స్టాక్‌హోమ్‌లో హోటల్ గది అద్దె ఎంతో మీకు తెలుసు.

అన్నిటికన్నా కష్టమైనది ఒకటి ఉంది, అది మీరు మాత్రమే చేయగలరు. ఆ మూడు నెలల గడువు పెంచమని ప్రభుత్వాన్ని గట్టిగా అడగడం. ఒక ఊళ్ళో ఒకే కర్మాగారం కూలి వేలమంది ఒకేసారి వీధిన పడితే, ఆ గడువు స్టాక్‌హోమ్‌లో ఒక్కడి ఉద్యోగం పోయినప్పుడు పనిచేసినట్టు పనిచేయదు. మీలో ఓటున్నవాళ్ళు చాలామంది. ఇక్కడి పార్టీల్లో తిరిగేవాళ్ళున్నారు. ఇతర భారతీయ సంఘాలతో, యూనియన్లతో, ఉత్తరాది మున్సిపాలిటీలతో కలిస్తే మీ గొంతు పార్లమెంటు దాకా వెళ్తుంది. ఓటు లేని మా ఊరి పిల్లల గొంతు వెళ్ళదు. 2026 సెప్టెంబరులో ఎన్నికలు ఉన్నాయి, అడగడానికి ఇదే సమయం.

ఇంత చదివాక, మరి అంత ప్రమాదమైతే ఉత్తరానికి రావద్దని చెబితే పోలేదా అని మీలో ఎవరైనా అనొచ్చు. నేను అలా చెప్పను. ఈ నేల మనకు చాలా ఇవ్వగలదు. నా పిల్లలు ఇక్కడ బడికి నడిచి వెళ్తారు. జూన్‌లో రాత్రి పదకొండింటికి కూడా ఎండలో ఆడతారు. అడవిలోకి వెళ్ళి ఎవరినీ అడగకుండా బ్లూబెర్రీలు కోసుకొచ్చుకుంటాం, ఆ హక్కు ఈ దేశంలో అందరికీ ఉంది. పల్లెటూరి పెరట్లో కాపురం చేసినట్టుంటుంది ఇక్కడ, తలుపు తీస్తే మనుషులకన్నా చెట్లు ముందు పలకరిస్తాయి. నాకది ప్రాణం. అందరికీ కాకపోవచ్చు. వచ్చేవాళ్ళు తెలిసి రావాలి, వచ్చాక ఒంటరి కాకూడదు, అంతే నేనడిగేది.

మనవాళ్ళు రావడం ఆగదు కూడా. బోడెన్‌లో స్టెగ్రా ఉక్కు కర్మాగారం కడుతోంది. లూలియోలో ఉక్కు, విశ్వవిద్యాలయం, కిరునాలో ఇనుప గని. ఒక ఊళ్ళో జరిగింది ఇంకో ఊళ్ళో జరగదని ఎవరు హామీ ఇస్తారు? పరిశ్రమల సంగతి మన చేతిలో లేదు. మళ్ళీ అలాంటి మార్చి వస్తే, ఆ రోజు సాయంత్రానికే ఫోన్ ఎత్తే తెలుగు మనిషి ఉండటం మన చేతిలో ఉంది.

మీలో ఏ సంఘమైనా మొదట ముందుకు రావచ్చు, మిగతావాళ్ళు కలుస్తారు. మా వైపునుంచి ఉమియో, షెలెఫ్తియో, లూలియోల్లో ఉన్న తెలుగు కుటుంబాలను కూడగట్టే బాధ్యత నాది. మా ఆయన నంబరు నడపడానికి కావలసిన సాంకేతిక ఏర్పాట్లు చూస్తానన్నారు. మీ తదుపరి కార్యవర్గ సమావేశంలో ఈ లేఖను ఎజెండాలో పెట్టి, ఆ సమావేశానికి నన్ను ఆన్‌లైన్‌లో పిలవండి. శని, ఆదివారాల్లో ఏ వేళకైనా వస్తాను, డ్యూటీ ఉంటే మార్చుకుంటాను. సంక్రాంతి సంబరాల ఏర్పాట్లలో మునిగేలోపు ఆ సమావేశం జరిగితే, నంబరు జనవరిలోనే మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
షెలెఫ్తియోలో ఉంటున్న మీ ఆడపడుచు